చిన్న ట్రైలర్ కమాన్ కట్ట విరిగింది, ఒక పక్కే మార్చాలా రెండూ మార్చాలా?

అల్లూరు రైతు:
అన్నా, మినీ ట్రాక్టర్‌కి తగిలించే రెండు చక్రాల చిన్న ట్రైలర్ ఉండాది మాకు, రొయ్యల గుంటల కాడికి మేత బస్తాలు, డీజిల్ డబ్బాలు, ఏరియేటర్ మోటార్లు అన్నీ దాంట్లోనే తోలతాం. ఎడం పక్క కమాన్ కట్టలో, అదే ఇరుసు మీద బాడీని మోసే ఉక్కు పట్టీల కట్టలో, మెయిన్ పట్టీ బుష్ కూర్చునే చుట్ట దగ్గర విరిగింది, బాడీ వాలిపోయి టైరు మడ్‌గార్డుకి రాసుకుంటా ఉండాది. కుడి పక్కది విరగలేదు గానీ ఉప్పునీళ్ళకి పొరలు పొరలుగా తుప్పు లేస్తా ఉండాది. వెల్డింగ్ ఆయన అతుకేస్తా అంటుండాడు, ఇంకొకాయనేమో ఎక్స్‌ట్రా పట్టీ వేస్తే ఇంక విరగదంటాడు. ఎట్టా చేసేది?

నెల్లూరు మెకానిక్:
వెల్డింగ్ మాత్రం చేయించబాకన్నా. కమాన్ పట్టీని కాల్చి నూనెలో ముంచి పదును పెడతారు, దాని బలమంతా అదే, వెల్డింగ్ వేడికి అతుకు పక్కన ఆ పదును పోయి లోడు మీద మళ్ళీ అక్కడే విరుగుద్ది, వెనకాల మోటర్‌సైకిల్ మీద వచ్చేవాడి గతేంది? రెండు పక్కలా మార్చు. కొత్త కట్ట వంపూ పాత కట్ట వంపూ ఒకటి కావు, ఒకటే మారిస్తే మళ్ళీ వాలుద్ది. పాత కట్ట విప్పి ఆటోనగర్‌కి పట్టుకుపో, పట్టీ వెడల్పు, మందం, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్ట్ ఉండే చోటు, చుట్ట నుంచి చుట్టకి పొడవు చూసి ఇస్తారు. కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టులు, బుష్‌లు కొత్తవే వెయ్యి, ఒకసారి బిగించిన యూ బోల్ట్ సాగిపోయి ఉంటది.

కొత్తపట్నం:
ఎక్స్‌ట్రా పట్టీ వేస్తే ఇరుసు బలం పెరగదు, టైర్లు మోసే బరువూ పెరగదు బ్రదర్, ఖాళీగా పోయేటప్పుడు ఎగిరెగిరి పడతది అంతే. ఇంకోటి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు, ఛాసిస్ కింద స్టాండ్లు గానీ గట్టి దుంగలు గానీ పెట్టండి. సెంటర్ బోల్ట్ తల ఇరుసు మీది బెజ్జంలో సరిగ్గా కూర్చోవాలి. బిగించే ముందు హుక్కు పిన్ను నుంచి రెండు హబ్బులకీ టేపు పెట్టి కొలవండి, రెండు కొలతలూ ఒకటే రావాలి, తేడా ఉంటే బండి పక్కకి లాగతది, టైరు ఒక పక్కే అరుగుద్ది.

అల్లూరు రైతు:
సరేనన్నా, రెండూ మారుస్తా. కట్ట వెనక చుట్టని ఛాసిస్‌కి తగిలించే షాకిల్ కూడా టైట్‌గా బిగించాలా? తుప్పుకి ఏం చేసేది?

నెల్లూరు మెకానిక్:
షాకిల్ ఆడాలి. లోడు పడితే కట్ట వంపు తగ్గి పొడవు పెరుగుద్ది, ఆ పొడవుకి షాకిలే చోటివ్వాలి, పట్టేస్తే ఆ ఒత్తిడి మెయిన్ పట్టీ మీద పడుద్ది. నీది చుట్ట దగ్గర విరిగిందంటే పాత షాకిల్ తుప్పుకి పట్టేసిందేమో చూడు. గుంటల మీద నుంచి రాంగానే మంచినీళ్ళతో కింద బాగా కొట్టు, ఆరినాక పట్టీల సందుల్లో గ్రీజు పట్టించు. యూ బోల్టు నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటా రా, మొదటి లోడు తోలినాక మళ్ళీ ఒకసారి స్పానర్ వెయ్యి, పట్టీలు సర్దుకుని నట్లు లూజ్ అవ్వచ్చు. చక్రాలు ఎట్టాగూ విప్పుతావు, బేరింగులు కూడా చూసుకో.