అప్‌డేట్: ఒకవైపే వెళ్లే ఫైబర్ లింక్ కుదిరింది

భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో కోల్డ్ స్టోరేజీ రీడింగులు ఆఫీసు కంప్యూటర్‌కి రావాలి, ఇటు నుంచి అటు మాత్రం ఏమీ వెళ్లకూడదు, ఒక్క ఫైబర్ పోగుతో అవుతుందా అని అడిగాను కదా, అయింది. పంపే వైపు మీడియా కన్వర్టర్ (నెట్‌వర్క్ కేబుల్ సిగ్నల్‌ని ఫైబర్‌లో వెలుతురుగా మార్చే డబ్బా) ఆర్‌ఎక్స్‌లో, అంటే వెలుతురు అందుకునే పోర్టులో, వెలుతురు పడకపోతే లింకే రావట్లేదు, మీలో ఒకరు చెప్పినట్టు మూడో కన్వర్టర్ తెచ్చి దాని టీఎక్స్‌ని, అంటే వెలుతురు పంపే పోర్టుని, ఫైబర్‌తో ఆ ఆర్‌ఎక్స్‌లో గుచ్చాను, టక్కున పచ్చ లైటు వెలిగింది. టీసీపీకి అవతలి నుంచి జవాబులు రావాలి కాబట్టి దాని ఊసే వద్దు, జవాబు కోసం చూడకుండా పంపేసే యూడీపీయే. ఏఆర్‌పీకి, అంటే అవతలి కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబరు) ఏంటని అడిగే ప్రశ్నకి, జవాబు రాదు కాబట్టి ఆ అడ్రస్ పంపే కంప్యూటర్‌లో మనమే రాసిపెట్టాలి, కరెంటు పోయి వస్తే అది ఎగిరిపోతుంది, మా దగ్గర కరెంటు సంగతి తెలిసిందేగా, స్టార్టప్ స్క్రిప్టులో పెట్టేశా. పోయిన ప్యాకెట్‌ని మళ్లీ అడిగే దారి లేదు, అందుకే యూడీపీకాస్ట్‌లో (యూడీపీతో ఫైళ్లు పంపే ప్రోగ్రాం) ఎఫ్‌ఈసీ, అంటే కొన్ని ప్యాకెట్లు పోయినా సరిచేసుకునేలా అదనపు డేటా పంపే పద్ధతి, ఆన్ చేసి కూడా ప్రతి ఫైలూ రెండుసార్లు పంపిస్తున్నా.