బయోడీజిల్ కడిగితే నీళ్లు విడిపోవడం లేదు, ఏం చేయాలి?

వాడేసిన వంటనూనె 10 లీటర్లు. లీటరుకు 1 గ్రాము కాస్టిక్ సోడా ద్రావణంతో టైట్రేషన్ (నూనెలో ఆమ్లత్వం ఎంతుందో కొలిచే పరీక్ష) చేస్తే 6 మి.లీ. వచ్చింది. అందుకే లీటరుకు 3.5 (కొత్త నూనెకైనా కావాల్సింది) + 6 (ఆమ్లత్వానికి) లెక్కన 95 గ్రాముల సోడా, 2 లీటర్ల మిథనాల్ వాడాను. 55 డిగ్రీల దగ్గర గంటన్నర కలిపి, రాత్రంతా వదిలేసి గ్లిజరిన్ దింపేశాను. నూనెను ముందే 110 డిగ్రీల దాకా, చిటపటలు ఆగేవరకు కాచాను కాబట్టి తేమ సమస్య కాదు.

చిక్కంతా కడగడంలోనే. నీళ్లు పోసి మెల్లగా తిప్పినా చిక్కటి మజ్జిగలా అయిపోతోంది. మర్నాటికి అడుగున వేలెడు మందం నీరు దిగింది, పైన తెల్లటి పొర అలాగే ఉంది. ఉప్పునీళ్లు పోశాను, 60 డిగ్రీలకు వేడి చేశాను; కాస్త విడిపోయినా మళ్లీ కడగ్గానే మొదటికొచ్చింది. వెనిగర్ వేస్తే విరుగుతుంది గానీ, నూనెలోని ఆమ్లం, సోడా కలిసి తయారైన సబ్బు తిరిగి ఫ్యాటీ ఆసిడ్‌గా మారి ఇంధనంలోనే ఉండిపోతుంది, అందుకే వేయలేదు.

27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ కలిపితే అడుగున చుక్క కూడా మిగల్లేదు. అంటే రియాక్షన్ దాదాపు పూర్తయినట్టే, అనుమానం సబ్బు మీదే. (సబ్బు మిగిలితే ఫిల్టర్, ఇంజెక్టర్ రెండూ పూడుకుపోతాయి.)

ఇంత ఆమ్లత్వం ఉన్న నూనెకు సోడా బదులు కాస్టిక్ పొటాష్ వాడితే సరిపోతుందా, లేక ముందు సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో ఎస్టరిఫికేషన్ (ఫ్యాటీ ఆసిడ్‌ను మిథనాల్‌తో కలిపి బయోడీజిల్‌గా మార్చడం) చేయక తప్పదా?