అఫిలియేట్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు డీల్స్ ఛానల్ మంచిదా, తెలిసిన పని మీద వీడియోలు మంచివా?

సూదీదారం (సిద్దిపేట):
అందరికీ నమస్తే. నేను 14 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్న. ఇంటి ముందు గదే నా షాపు. కుట్టు నేర్చుకుంటామని వచ్చే ప్రతి పిల్లా ముందు అడిగేది ఒక్కటే: "అక్కా, ఏ మిషన్ కొనాలె?" ఈ మాటే వీడియోలో చెప్పి కింద లింకు పెడితే, ఆ లింకులోంచి ఎవరన్నా కొన్నప్పుడు కమిషన్ వస్తదని, దాన్నే అఫిలియేట్ అంటరని ఈ మధ్యనే తెలిసింది. మా మరిది వద్దంటున్నడు. "వదినా, మిషన్ల వీడియోలు ఎవరు చూస్తరు, టెలిగ్రామ్‌ల డీల్స్ ఛానల్ పెట్టు, రోజుకు 30 ఆఫర్లు వెయ్యి, పైసలు అవే వస్తయ్" అంటడు. నాకు రాత్రి రెండు మూడు గంటలు దొరుకుతది. 15,000 దాకా పెట్టగలను, అంతకు మించి లేదు. మీరైతే ఏది మొదలుపెడతరు? ఎందుకు?

డీల్స్‌వేట (విజయవాడ):
అక్కా, మీ మరిది చెప్పిందే నేను రెండేళ్లుగా చేస్తున్నాను. ఛానల్లో 6,200 మంది ఉన్నారు. మామూలు నెలల్లో ఆరేడు వేలు, దసరా దీపావళి సేల్ నెలలో 30 వేలు దాటింది. కెమెరా ముందుకు రానక్కర్లేదు, ఎడిటింగ్ లేదు. ఎర్న్‌కరో, క్యూలింక్స్ లాంటి సైట్లలో చేరితే చాలా షాపుల లింకులు ఒకేచోట తయారవుతాయి. అమెజాన్ సొంత అఫిలియేట్ పథకం అసోసియేట్స్‌లో నేరుగా చేరితే మొదటి 180 రోజుల్లో కనీసం 3 అమ్మకాలు జరగాలి, లేకపోతే ఖాతా మూసేస్తారు. వీడియోలతో మొదలుపెట్టేవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. డీల్స్ ఛానల్‌కి 3 అమ్మకాలు ఒక్క పూట పని. ముందు నాలుగు రూపాయలు కళ్లజూడాలి, అప్పుడే ఓపిక నిలుస్తుంది.

లెక్కలపుస్తకం (రాజమండ్రి):
తమ్ముడు చెప్పినవి నిజాలే, కానీ సగమే. కమిషన్ వస్తువు రకాన్ని బట్టి మారుతుంది, ఫోన్లలాంటి వాటికి చాలా తక్కువ. లెక్క సులువుగా ఉండటానికి అన్నిటికీ 5 శాతం అనుకుందాం. డీల్స్ ఛానల్లో ఎక్కువగా కదిలేవి 240 రూపాయల ఇయర్‌ఫోన్లూ, డబ్బాలూ. ఒక్కోదానికి 12 రూపాయలు. 12,000 పెట్టి కొనే జిగ్‌జాగ్ (వంకర కుట్టు కూడా వేసే) మిషన్ ఒక్కటి కదిలితే 600. అంటే 50 ఇయర్‌ఫోన్లతో సమానం. పైగా డీల్స్‌లో రిటర్నులు ఎక్కువ. వస్తువు వెనక్కి పోతే కమిషనూ పోతుంది. ధర పొరపాటున పడ్డ ఆఫర్లయితే కంపెనీ వాళ్లే ఆర్డర్లు రద్దు చేస్తారు.

ఇంకొకటి. డీల్స్ ఛానల్లో చేరినవాడు మీ కోసం రాడు, ధర కోసం వస్తాడు. పక్క ఛానల్ వాడు రెండు నిమిషాల ముందు వేస్తే అటే పోతాడు. అందుకే రోజుకు 30 పోస్టులు. అది రాత్రి రెండు గంటల్లో అయ్యే పని కాదమ్మా. ఆఫర్ మధ్యాహ్నం పన్నెండుకి వస్తే అప్పుడు మీరు హెమ్మింగ్ చేస్తూ ఉంటారు.

డీల్స్‌వేట:
లెక్క బాగుంది గానీ పెద్ద విషయం వదిలేశారు. అమెజాన్‌లో లింకు నొక్కాక 24 గంటల్లోపు కొనాలి, కనీసం కార్ట్‌లోనైనా వేసుకోవాలి. 12,000 పెట్టే మనిషి ఇవాళ చూసి ఇవాళే కొంటుందా? భర్తని అడుగుతుంది, అన్నని అడుగుతుంది, జీతం పడేదాకా ఆగుతుంది. పది రోజుల తర్వాత నేరుగా యాప్ తెరిచి కొంటుంది. చెప్పింది అక్క, నమ్మకం కలిగించింది అక్క, కమిషన్ మాత్రం సున్నా. ఇయర్‌ఫోన్లకి ఆ బాధ లేదు, చూసిన నిమిషంలో కొనేస్తారు.

లెక్కలపుస్తకం:
ఇది గట్టి మాటే, ఒప్పుకుంటున్నాను. అందుకే మిషన్ ఒక్కటే నమ్ముకోకూడదు. మిషన్ కొన్నవాళ్లకు ఆ తర్వాత ఏళ్ల తరబడి కింది దారం చుట్టే బాబిన్లు, సూదులు, పీకో పాదం, కత్తెర, మెడ గట్టిగా నిలవడానికి వేసే బక్రం కావాలి. అవి చూసిన రోజే కొంటారు. పైగా ఆ 24 గంటల్లో వాళ్లు అక్కడ ఇంకేం కొన్నా చాలావరకు మీ లెక్కలోకే వస్తుంది.

డాలస్‌పక్కింటాయన (టెక్సాస్):
2016 నుంచి ఇక్కడ వంటింటి సామాన్ల మీద ఇంగ్లిష్‌లో ఒక సైటు నడిపాను, ఇడ్లీ కుక్కర్లు, గ్రైండర్లు, అట్ల పెనాలు. పక్కా తెలుగిళ్ల సామాన్లే. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో కమిషన్ రేట్లు కోసింది. ఫర్నిచర్, ఇంటి మరమ్మతు సామాన్లు 8 శాతం నుంచి 3కి, కిరాణా 5 నుంచి 1కి పడిపోయాయి. ముందుగా చెప్పింది కొద్ది రోజులే. మా కుటుంబానికి ఆ ఆదాయం అదనం కాబట్టి తట్టుకున్నాం. దాన్నే నమ్ముకుని ఉద్యోగం మానేసిన స్నేహితులు చాలా నలిగిపోయారు.

సిద్దిపేట అమ్మగారికి నా మాట ఒక్కటే. లింకు ఎవరిదైనా కావచ్చు, మనుషులు మాత్రం మీ వాళ్లై ఉండాలి. రేపు అమెజాన్ రేటు తగ్గిస్తే ఫ్లిప్‌కార్ట్ లింకు పెట్టగలగాలి, రెండూ తగ్గిస్తే మీరే కుట్టు క్లాసు పెట్టి పిలవగలగాలి. మీ మాట కోసం వచ్చినవాళ్లయితే అప్పుడూ వస్తారు. ధర కోసం చేరిన 6,000 మంది కుట్టు క్లాసుకి రారు.

గుంటూరుకారం (గుంటూరు):
నేను కొనేవాళ్ల వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ అందరూ అమ్మేవాళ్ల లెక్కే వేస్తున్నారు. పోయినేడు ఒకామె రీల్ చూసి 2,000 పైన పెట్టి చేతిలో పట్టేంత మినీ మిషన్ తెప్పించుకున్నాను. "ఇంట్లోనే బ్లౌజులు కుట్టేయొచ్చు" అంది. పలచని కాటన్ మీద రెండు రోజులు నడిచింది. లైనింగ్ వేసి మెడకి బక్రం పెట్టగానే సూది ఆగిపోయింది, మోటారు వేడెక్కి వాసన. తర్వాత ఆమె వీడియోలన్నీ వెనక్కి వెళ్లి చూశాను. ఒక్కదాంట్లోనూ ఆమె కుట్టలేదు! పెట్టెలోంచి తీసి చూపించిందంతే. నా 2,000లో ఆమెకు ఎంత దక్కిందో తెలియదు. నేను మాత్రం ఇక ఏ లింకూ నొక్కలేదు.

అందుకే అక్కా, నాకు ఒకటే చెప్పండి. ఎవరైనా మీ ఊరి షాపులో కొనుక్కుంటేనే మేలు అని మీకు తెలిసినప్పుడు, కమిషన్ రాకపోయినా ఆ మాట చెప్తారా?

సూదీదారం:
చెప్త. చెప్పకుండ ఎట్లుంట? మా దగ్గర నేర్చుకునేవాళ్లల్ల సగం మందికి కావాల్సింది స్టాండుతో వచ్చే మామూలు నల్ల మిషనే, తొక్కేది. అది ఆన్‌లైన్‌ల తెప్పిస్తే బిగించేవాళ్లు ఉండరు, బెల్టు సరిగ పడదు, కింది దారం పట్టే షటిల్ టైమింగ్ తప్పితే ఎవరికి చూపిస్తరు? అది ఊర్లె షాపుల కొనుడే మంచిది, మెకానిక్ అక్కడే ఉంటడు. జిగ్‌జాగ్ ఆటోమేటిక్ మిషన్ అయితే ఆన్‌లైన్ పర్వాలేదు, కాకపోతే సర్వీసు సెంటరు మీ జిల్లాల ఉందా అని ముందు చూసుకోవాలె. మినీ మిషన్ ఎవ్వరూ కొనొద్దు. చిన్నపిల్ల గౌను చిరిగితే రెండు కుట్లకు పనికొస్తదేమో, బ్లౌజుకు కాదు.

గుంటూరుకారం:
ఇదే, ఈ పేరానే మీ మొదటి వీడియో చేయండి. ఇది నాకు పోయినేడు దొరికి ఉంటే 2,000 మిగిలేవి.

కావలికుర్రోడు (కావలి):
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అక్కా, మీ 15,000 కోర్సులకి మాత్రం ఇవ్వకండి. నేను 8,000 కట్టాను. మొదటి రెండు వారాలు అఫిలియేట్ అంటే ఏమిటో చెప్పారు, మూడో వారం నుంచి "ఈ కోర్సునే మీ స్నేహితులకి అమ్మండి, సగం మీకే" అన్నారు. నేను నేర్చుకున్నది ఆ కోర్సునే ఇంకొకడికి అమ్మడం తప్ప వేరే ఏమీ లేదు. మా క్లాస్‌మేట్లు ఇద్దరు నా మాట విని చేరారు, వాళ్ల డబ్బులు నేను ఇప్పటికీ తీరుస్తున్నాను. మిషన్ మీద కమిషన్ వస్తే ఎక్కడో ఎవరికో మిషన్ చేరినట్టు. నేను అమ్మినదాంట్లో ఎవరికీ ఏమీ చేరలేదు.

రిటర్న్‌దాఖలు (హన్మకొండ):
కొన్ని మాటలు ముందే తెలిస్తే మంచిది. వీడియోలో, లింకు పక్కనా "ఇది అఫిలియేట్ లింకు, కొంటే నాకు కమిషన్ వస్తుంది" అని తెలుగులోనే స్పష్టంగా చెప్పండి. అమెజాన్ ఒప్పందమూ అడుగుతుంది, ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు పెట్టిన నియమాలూ అడుగుతాయి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది. మీ లింకులు ఎక్కడెక్కడ పెడుతున్నారో అమెజాన్ ఖాతాలో చూపించాలి. మీ లింకుతో మీరే కొనుక్కున్నా, మీ కోసం ఇంకొకరి చేత కొనిపించినా లెక్కలోకి రాదు. పాన్ ఇవ్వకపోతే కమిషన్‌లోంచి ముందే పట్టుకునే పన్ను, అంటే టీడీఎస్, 20 శాతం కోస్తారు. వచ్చింది ఎంతైనా ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపించండి.

డీల్స్ ఛానల్ నడిపే తమ్ముడికి కూడా ఒక మాట. ఛానల్ కాస్త పెరగగానే బెట్టింగ్ యాప్‌ల వాళ్లు వస్తారు, షాపుల కమిషన్‌కి ఎన్నో రెట్లు ఇస్తామంటారు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఆ ప్రచారం చేసిన యూట్యూబర్ల మీద, నటుల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేస్తే 2 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

డీల్స్‌వేట:
నాకు అలాంటివి మూడు వచ్చాయి, మూడూ వద్దన్నాను. మా వీధిలో ఒకబ్బాయి ఆ ఆటల్లో వాళ్ల నాన్న ట్రాక్టర్ పోగొట్టాడు, ఆ లింకు నా చేత్తో పెట్టలేను.

గుంటూరు ఆవిడ రాసింది చదివాక నా ఛానల్ వెనక్కి తిరిగి చూశాను. మినీ మిషన్ నేను కూడా రెండుసార్లు వేశాను, "లూట్" అని, అంటే దోచుకున్నంత చవక అని. ఎవరు కొన్నారో, ఎలా పనిచేసిందో నాకు తెలియదు. అవి తీసేశాను. డీల్స్ ఛానల్ తప్పు అని ఇప్పటికీ అనను, ధర తగ్గినప్పుడు చెప్పడమూ మేలే. కానీ అక్క దగ్గర ఉన్నది నా దగ్గర లేదు. అక్కా, మీరు వీడియోలే చేయండి. టెలిగ్రామ్ మాత్రం వదలొద్దు. మీరు మంచిదని చెప్పిన మిషన్ ధర సేల్‌లో తగ్గిన రోజున అక్కడ చెప్పండి. అప్పటిదాకా ఆగినవాళ్లు ఆ రోజే కొంటారు, 24 గంటల చిక్కూ ఉండదు.

లెక్కలపుస్తకం:
ఈ ఉపాయం నాకు తట్టలేదు. బాగుంది తమ్ముడూ.

సూదీదారం:
అందరికీ దండాలు. మా మరిదికి ఇదంత చదివి వినిపించిన. ధరలు చూసే పని ఆయన చేస్తనన్నడు, మాట్లాడే పని నాది. 15,000ల ఫోన్ స్టాండు, మైకు, ఒక లైటు కొంట, మిగిలింది ముట్టుకోను. ఆరు నెలలు చూస్త. వారానికి ఒక్క వీడియో.

గుంటూరు చెల్లె చెప్పిన వీడియో రెండోది. మొదటిది గుడ్డ కింద దారం ఉండలు కట్టుడు గురించి. అందరూ బాబిన్ పాడైందని కొత్తది కొంటరు. చాలాసార్లు పై దారం సరిగ ఎక్కించకనే అట్లయితది, పాదం పైకెత్తి మళ్ల ఎక్కిస్తే పోతది.

డీల్స్‌వేట:
మరి దానికి కింద ఏ లింకు పెడతారు?

సూదీదారం:
దానికి లింకు లేదు తమ్మీ. కొనేది ఏం లేదు కద.