ఆరెకరాల మెట్టలో 100 మేకలు పెట్టొచ్చా?

మెట్టరైతు:
అన్నలూ, మాది కళ్యాణదుర్గం దగ్గర. ఆరెకరాల మెట్ట, ఏటా వేరుశనగే. రెండేళ్లుగా ఊడలు దిగే టైముకి వాన మొహం చాటేస్తోంది, పెట్టుబడి కూడా రావట్లేదు. బోరు గంట పోస్తే గొప్ప. జాతీయ పశుసంపద మిషన్‌లో 100 మేకలు, 5 పోతుల యూనిట్‌కి 50 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తారు కదా, మిగతాది లోన్ తీసుకుని జమునాపారి జాతి మేకల్ని తెచ్చి షెడ్డులోనే మేపుదామనుకుంటున్నా. ఇంట్లో అందరికీ టెన్షన్. చేసినవాళ్లు చెప్పండి.

మందకాపరి:
తమ్ముడూ, సబ్సిడీ లెక్క పక్కన పెట్టి మేత లెక్క వేసుకో. ఎదిగిన మేకకి రోజుకి మూడు నాలుగు కిలోల పచ్చిమేత, అంటే వందకి 300 నుంచి 400 కిలోలు, గంట నీళ్లతో అది ఎక్కడ పండుతుంది? మేం 40 మేకలతో మొదలుపెట్టి, ఎండాకాలమంతా మేత కొనలేక, ఏప్రిల్‌లో బక్కచిక్కినవాటిని సగం అమ్మేశాం, అదీ వ్యాపారి అడిగిన రేటుకే. ఆ రోజు మా అమ్మ ఏడ్చింది. ఇప్పుడు 25 నాటు మేకలే ఉన్నాయి. గట్ల మీద అవిశె, సుబాబుల్ పెంచాం, వేరుశనగ కట్టె వామి వేసి దాస్తాం, పగలు బయట తిప్పుతాం. జమునాపారి ఇటావా వైపు జాతి, తిరుగుతూ ఆకు మేసే అలవాటు దానిది, కట్టేసి పెంచడం కష్టం.

పశువైద్యవిద్యార్థిని:
అన్న చెప్పింది నిజం. ఇంకోటి, సంతలో కొన్నవాటిని నేరుగా మందలో కలపకండి, మూడు వారాలు వేరుగా ఉంచండి. పారుడు రోగం అలాగే వస్తుంది, వస్తే పిల్లలు ముందు పోతాయి. దానికి టీకా ఒకసారి వేస్తే దాదాపు మూడేళ్లు కాపాడుతుంది. చిటుక రోగం టీకా మాత్రం ఏటా వానలకు ముందే వేయించాలి, లేత గడ్డి ఆశగా తిన్న మేకే రాత్రికి రాత్రి చచ్చిపోతుంది.

మెట్టరైతు:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. అయితే ఇందులో భవిష్యత్తు లేదంటారా?

మందకాపరి:
ఎందుకు లేదు! మాంసానికి గిరాకీ ఉంది, మేక చూలు ఐదు నెలలే, రెండేళ్లలో మూడు ఈతలు తీయొచ్చు, ఎరువు నీ చేనుకే. లేనిది కాపలా మనిషి, కుర్రాళ్లెవరూ మంద వెంట రావట్లేదు. ఈ వానలకి గట్ల మీద చెట్లు నాటు. అవి కోతకొచ్చాక 15 మేకలు, ఒక పోతు కొను. పోతుని రెండేళ్లకోసారి మార్చు, లేకపోతే సొంత కూతుళ్లకే దాటి పిల్లలు బలహీనంగా పుడతాయి. లోన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మా చేను చూడ్డానికి రా.