టెక్సస్ ప్రభుత్వ ప్రీ-కేలో బాబుని చేర్చాలా? అక్కడి పిల్లల లెక్కలు చూసి టెన్షన్‌గా ఉంది

ప్రశ్న:
బాబుకి ఆగస్టులో 4 ఏళ్లు నిండుతాయి. మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కి ముందు క్లాసు) పిల్లలకే విడిగా ఒక స్కూల్ ఉంది, దాని లెక్కలు చూస్తే ఎక్కువమంది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలే, ఏషియన్ పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మా వీధిలోనేమో సగం ఇళ్లు మనవాళ్లవే! వీడికి తెలుగు తప్ప ఇంకేమీ రాదు, ఒంటరైపోతాడేమోనని భయంగా ఉంది. అసలు మాకు సీటు వస్తుందా?

జవాబు 1:
అక్కడ అలాంటి పిల్లలే ఎక్కువ ఉండటానికి కారణం రూల్ అండి. టెక్సస్‌లో ఉచిత ప్రీ-కే అందరికీ ఇవ్వరు. సెప్టెంబర్ 1కి 4 ఏళ్లు నిండాలి, దానితోపాటు ఇంగ్లిష్ రాకపోవడం, ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి సరిపోయేంత తక్కువ ఆదాయం, ఉండటానికి ఇల్లు లేకపోవడం, అమ్మో నాన్నో మిలిటరీలో ఉండటం, ఫాస్టర్ కేర్‌లో (ప్రభుత్వం వేరే కుటుంబానికి అప్పగించి పెంచడం) ఉండటం, ఇలాంటి వాటిలో ఒక్కటైనా ఉండాలి. ఆ అర్హతతో వచ్చిన పిల్లలే కదా లెక్కలో కనిపించేది, దాన్నిబట్టి చదువు బాగోదని అనుకోకండి. మీ బాబుకి ఇంగ్లిష్ రాకపోవడమే మీకు అర్హత. హోమ్ లాంగ్వేజ్ సర్వేలో (ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగే ఫారం) తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ టెస్ట్ పెట్టి చూస్తారు, ఆ దారిలో మీ జీతం ఎంతైనా అడ్డు రాదు. 2019 చట్టం తర్వాత అర్హత ఉన్న 4 ఏళ్ల పిల్లలకి రోజంతా క్లాసు ఉంటుంది.

జవాబు 2:
మా పాప క్లాసులో తెలుగు పిల్ల తనొక్కతే. మొదటి మూడు వారాలు గేటు దగ్గర ఏడుపే, నేనూ కార్లో కూర్చుని ఏడ్చాను. తర్వాత స్పానిష్ తప్ప ఏమీ రాని ఒక పాపతో జత కట్టింది, ఇద్దరికీ ఇంగ్లిష్ రాదు, బొమ్మలతోనే మాట్లాడుకునేవాళ్లు! ప్రత్యేక అవసరాలున్న పిల్లలూ ఆ క్లాసులోనే ఉండేవారు, వాళ్లతో కలిసి పెరగడం మా పాపకి చాలా మంచి చేసింది. ఇంకో మాట, ఆ లెక్కలు అక్టోబర్ చివరి శుక్రవారం నాటివి, తర్వాత చేరినవాళ్లు అందులో ఉండరు. శాతాలు వదిలేసి క్లాసుకి ఎంతమంది, టీచర్‌తో పాటు అసిస్టెంట్ ఉన్నారా అని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. కానీ మొన్నే ఆన్‌లైన్‌లో చేర్పించేసి సర్వేలో ఇంగ్లిష్ అని పెట్టేశాను, అలా రాస్తేనే మంచిదని ఎవరో చెప్పారు.

జవాబు 1:
వెంటనే స్కూల్‌కి ఫోన్ చేయండి. చేరిన తేదీ నుంచి రెండు వారాల లోపు, అదీ టెస్ట్ పెట్టకముందే అయితే మార్చుకోవచ్చు.