క్యాంపులో జవాన్లకు ధ్యానం, స్ట్రెస్ ప్రోగ్రాం చెయ్యమన్నారు, నా ప్లాన్ చూసి చెప్పండి

జయపురం_అమ్మాయి:

నమస్తే అండీ. మాది కొరాపుట్ జిల్లా జయపురం. సైకాలజీలో పీజీ చేశాను, ఇక్కడే ఒక స్కూల్లో కౌన్సిలర్ని, సాయంత్రాలు ఆడవాళ్ళకు యోగా చెప్తుంటాను. పోయిన వారం దగ్గర్లో ఉన్న ఒక కేంద్ర బలగాల క్యాంపు నుంచి పిలిచి, జవాన్ల కోసం ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (అంటే ఈ క్షణం మీద ధ్యాస నిలపడం), స్ట్రెస్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రాం ఒకటి రాసి ఇవ్వమన్నారు. సరేనని ఇంటికొచ్చాక గుండెల్లో రాయి పడింది. ఇన్నాళ్ళూ నేను చూసిందంతా పదో తరగతి పరీక్షల టెన్షనే మరి.

నూరు మందికి పైగా ఉంటారట, అన్ని రాష్ట్రాలవాళ్ళూ, మన తెలుగువాళ్ళు ఓ ఏడెనిమిది మంది. చెప్పేది హిందీలోనే చెప్పాలి. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం రోల్ కాల్ అయ్యాక హాల్లో 45 నిమిషాలు అనుకున్నాను. మొదటి రోజు పేరు, నంబరు రాసే ప్రశ్నాపత్రం ఇచ్చి ఎవరికి ఎంత ఒత్తిడి ఉందో చూసుకోవడం, తర్వాత స్లైడ్లు, ఆపైన కళ్ళు మూసుకుని 20 నిమిషాల ధ్యానం. చివరి వారం మళ్ళీ అదే ప్రశ్నాపత్రం, తేడా చూపించడానికి. ఫౌజులో చేసినవాళ్ళు, ఇంట్లో ఎవరైనా ఉన్నవాళ్ళు చూసి తప్పులు చెప్పండి. మొహమాటపడకండి.

పర్లాకిమిడి_పాతఫౌజీ:

మొహమాటం లేకుండానే చెప్తానమ్మా. ఆర్మీలో 28 ఏళ్ళు చేసి సుబేదార్‌గా దిగాను, ఇప్పుడు పర్లాకిమిడిలో మనవల్ని స్కూలుకు దింపే డ్యూటీ.

సాయంత్రం రోల్ కాల్ అయ్యాక అన్నావు చూడు, జవాను ఇంటికి ఫోన్ చేసుకునేది అప్పుడే. పిల్లాడు నిద్రపోయేలోపు ఒక్క మాట మాట్లాడదామని చూసేవాణ్ణి హాల్లో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమంటే మూసుకుంటాడు, లోపల నిన్ను తిట్టుకుంటాడు. పొద్దున పీటీ టైములోంచి పది నిమిషాలు అడుగు. కొత్త పెరేడ్ పెట్టొద్దు, ఉన్నదాంట్లోంచి తీసుకో.

రెండోది ఆ ప్రశ్నాపత్రం. పేరు రాయాల్సిన కాగితం మీద ఏ జవానూ నిజం రాయడు. మెడికల్ కేటగిరీని మాకు షేప్ అంటారు. అందులో ఎస్ అంటే మానసిక స్థితి, తర్వాత వినికిడి, కాళ్ళూ చేతులూ, ఒంటి సత్తువ, కంటి చూపు. అన్నీ ఒకటిలో ఉంటే షేప్ వన్. మోకాలు దెబ్బతిని కేటగిరీ తగ్గితే పదిమందీ పాపం అంటారు, అదే ఎస్ తగ్గిందంటే ప్రమోషన్ సంగతి దేవుడెరుగు, మెస్సులో పక్కన కూర్చునేవాడు కూడా అదోలా చూస్తాడు. అందుకే రాత్రి నిద్ర పడుతోందా అని అడిగితే నూటికి నూరు మందీ ‘బఢియా సాబ్’, అంతా బాగుంది సార్ అంటారు. నువ్వు చివరి వారం చూపించబోయే తేడా బఢియా నుంచి బఢియాకి! పేరు లేకుండా రాయించు, కాగితాలు క్యాంపు ఆఫీసులో వదలకుండా నీ సంచిలోనే పట్టుకెళ్ళు.

ధ్యానం అనే మాటతో కాక ఫైరింగ్‌తో మొదలుపెట్టు. రైఫిల్ శిక్షణలో ప్రతివాడికీ ఊపిరి పట్టడం నేర్పుతారు, తీసుకుని, కొంచెం వదిలి, అక్కడ ఆపి, అప్పుడు ట్రిగ్గర్. అది కుదరకపోతే గుళ్ళన్నీ టార్గెట్ మీద చెల్లాచెదురే. రిక్రూటుగా ఉన్నప్పటి విద్య, రేంజి బయట కూడా వాడుకోవచ్చని నువ్వు గుర్తు చేస్తున్నావు, అంతే.

మా కంపెనీలో ఒక హవల్దార్ ఉండేవాడు, బంగారంలాంటి మనిషి. ఒక చలికాలం ఉన్నట్టుండి రైఫిల్ తుడవడం మొదలుపెట్టాడు, తుడిచిందే తుడవడం, నూనె గుడ్డ పోగులు పోగులుగా చిరిగినా వదలడు. ఏమైందంటే బఢియా. నాలుగో రోజు టీ గ్లాసు చేతికిచ్చి ఊరికే పక్కన కూర్చుంటే అరగంటకి నోరు విప్పాడు. ఊళ్ళో దాయాదులు గట్టు జరిపి పొలం కలిపేసుకున్నారట, ముసలి తల్లి ఒక్కతే తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరుగుతోందట. మా సీవో సాబ్, అంటే కమాండింగ్ ఆఫీసరు, ఆ జిల్లా కలెక్టరుకి ఉత్తరం రాసి, పది రోజులు లీవు ఇచ్చి పంపారు. వచ్చాక రైఫిల్ అందరిలాగే తుడిచాడు. ఎన్ని వారాలు ధ్యానం చెప్తే ఆ గట్టు వెనక్కి జరుగుతుంది చెప్పు.

సునాబెడ_కాఫీ:

ఇన్ని తిప్పలెందుకండీ. నాసిక్ జిల్లా ఇగత్‌పురిలో విపశ్యన అనే ధ్యానం నేర్పే కేంద్రం ఉంది కదా, పది రోజులు మౌనం, డబ్బు కూడా అడగరు. బ్యాచులుగా అక్కడికి పంపేస్తే సరి. నేను వెళ్ళొచ్చాను, మనిషినే మారిపోయాను. వారానికి రెండు క్లాసులతో ఒరిగేదేమీ లేదు.

సిరొంచ_నర్సు:

మీకు మంచి జరిగింది, సంతోషం అన్నా. కానీ మీరు ఇష్టపడి వెళ్ళారు. ఆర్డరు మీద పంపితే దాని కథ వేరు, అందులోనూ నిన్న మొన్న అడవిలోంచి వచ్చిన మనిషిని పది రోజులు ఫోను లేకుండా తన తలకాయతో ఒంటరిగా కూర్చోబెట్టడం నాకైతే భయమే.

చెల్లీ, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. చాలా ఏళ్ళుగా మానసిక వార్డులో నర్సుని. బలగాల్లో చేసే పిల్లలు మా దగ్గరికి వస్తూనే ఉంటారు, ఎక్కువగా తలనొప్పి అని, గ్యాస్ అని. నీ ప్లాన్‌లో నన్ను భయపెట్టింది ఆ కళ్ళు మూసుకునే 20 నిమిషాలు. తోటివాణ్ణి భుజాన వేసుకుని మోసుకొచ్చిన మనిషి కళ్ళు మూస్తే ఆ రోజే మళ్ళీ కనబడుతుంది. మా వార్డులో ఒకతనికి రిలాక్సేషన్ చేయిస్తుంటే అరనిమిషంలో చొక్కా తడిసిపోయింది, మంచం ఊచను వదలడు. కళ్ళు తెరిపించి, పాదాలు నేలకు ఆనించమని, కిటికీలోంచి కనిపించేవి ఐదు చెప్పమన్నాను. ‘వేపచెట్టు, సైకిలు, నీళ్ళ ట్యాంకు, కుక్క’ అని ఐదోదాని కోసం వెతుక్కుంటుంటే ఊపిరి దానంతటదే సర్దుకుంది. కాబట్టి కళ్ళు తెరిచే ఉంచమను, చూపు కొంచెం కిందికి. వద్దనుకున్నవాడు లేచి వెళ్ళిపోవచ్చని మొదటే చెప్పు, తలుపు దగ్గర ఎవరినీ నిలబెట్టొద్దు.

ఎనిమిది వారాల లెక్క ఎక్కడిదో తెలుసా? 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబత్ జిన్ మొదలుపెట్టిన పద్ధతి నుంచి వచ్చింది. అది దీర్ఘకాలం నొప్పులతో బాధపడే రోగుల కోసం. రోగి వారం వారం అదే టైముకి వస్తాడు. క్యాంపులో సగం మంది లీవులో, డ్యూటీలో ఉంటారు, ఎనిమిది వారాలూ అన్ని క్లాసులూ వినేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా దొరకరు. ఏ రోజు వచ్చినవాడికి ఆ రోజు పాఠం పూర్తిగా అందేలా రాయి. ఇరాక్ వెళ్ళబోయే అమెరికా మెరైన్ల మీద అమిషి ఝా, ఎలిజబెత్ స్టాన్లీ చేసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. రోజుకి సగటున 12 నిమిషాలు సాధన చేసినవాళ్ళకి, అప్పటికప్పుడు విషయాలు బుర్రలో పట్టి ఉంచుకునే శక్తి తగ్గలేదు, అంతకన్నా తక్కువ చేసినవాళ్ళకి తగ్గింది. క్లాసు ఎంత బాగుందన్నది కాదు, తర్వాత ఒంటరిగా చేశాడా లేదా అన్నదే లెక్క. అందుకని ఒక్కటే నేర్పు, నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చడం, ఆరు లెక్కపెట్టేదాకా వదలడం.

ఎవరైనా నీకు చెప్పుకుంటే నీలోనే ఉంచుకునేది ఏది, ప్రాణం మీదికొస్తే పై అధికారికి, డాక్టరుకి చెప్పక తప్పనిది ఏది, రెండూ మొదటి రోజే తేటగా చెప్పు. చచ్చిపోవాలనుంది అన్నవాణ్ణి ఒంటరిగా వదలొద్దు, గొడవ చెయ్యకుండా ఆయుధం డ్యూటీ నుంచి తప్పించే దారి ఏమిటో ముందే కమాండర్‌తో మాట్లాడి పెట్టుకో. మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్, దాని నంబరు 14416 బ్యారక్‌లో కాదు, బాత్రూం తలుపు లోపలివైపు అంటించు, అక్కడైతే ఎవరూ చూడకుండా రాసుకుంటారు. తెలుగులో కూడా మాట్లాడతారు, 24 గంటలూ ఉంటుంది. ఆర్మీవాళ్ళ కోసం 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీలో దీనికే వేరే సెల్ పెట్టారు.

మల్కన్‌గిరి_డ్యూటీ:

బలగం పేరు, నా పేరు అడగొద్దు.

ఒకసారి మూడు రాత్రులు అడవిలో ఉండి క్యాంపుకొచ్చాం. మరునాడు పొద్దున్నే ‘తనావ్ ముక్తి’, అంటే ఒత్తిడి పోగొట్టే ప్రోగ్రాం అన్నారు. హాలు కడగడం, కుర్చీలు మొయ్యడం, బూట్ల పాలిష్, బ్యానర్ కట్టడానికి నిచ్చెనెక్కింది నేనే. వచ్చిన పెద్దమనిషి గంటన్నర మాట్లాడారు. వెనక వరసల్లో మేం కూర్చునే నిద్రపోయాం. ఆ ఒక్క విషయంలో ప్రోగ్రాం బాగానే పనిచేసింది మేడమ్, అంత నిద్ర నెల రోజుల తర్వాత పట్టింది.

మీరు మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు కదా, మేం రోడ్ ఓపెనింగ్‌కి, అంటే బండ్లు వెళ్ళేముందు దారిలో మందుపాతరలు లేవని చూడటానికి వెళ్తే ప్రతి కల్వర్టు దగ్గరా ఆగి, మట్టి కొత్తగా కదిలిందా, తీగ ఏమైనా కనిపిస్తోందా అని చూసుకుంటూ గంటల తరబడి నడుస్తాం. ఇంటి సంగతి ఒక్కటి కూడా బుర్రలోకి రాదు. ఇంతకన్నా ధ్యాస ఏముంటుంది? క్యాంపుకొచ్చాక అది ఆగదు, అదీ తంటా. మెస్సులో ప్లేటు కింద పడితే ముందు చెయ్యి నడుం దగ్గరికి పోతుంది, తర్వాత నవ్వొస్తుంది. ఆన్ చెయ్యడం మాకు వచ్చు మేడమ్, ఆఫ్ చెయ్యడం నేర్పండి. డ్యూటీ దిగి ఆయుధం జమ చేశాక ఐదు నిమిషాలు, స్నానానికి ముందు. అప్పుడైతే నేను చేస్తాను.

ఇంకోటి. మల్కన్‌గిరికి రైలు లేదు. లీవు శాంక్షనయ్యాక కూడా బయటపడటానికి బండి కోసం చూడాలి, చెల్లెలి పెళ్ళికి బయల్దేరిన మావాడు అప్పగింతలకి అందుకున్నాడు. ఆ వారం వాడికి ఎవరు ఊపిరి లెక్కపెట్టమన్నా కొట్టేవాడే.

ఇచ్ఛాపురం_ఇల్లాలు:

పై బాబు రాసింది చదివి ఏడుపొచ్చింది. మా ఆయన లీవు మీద వచ్చిన మొదటి వారం మా ఇంట్లో అందరం మెల్లగా నడుస్తాం. పోయినసారి పక్కవీధి పెళ్ళి ఊరేగింపులో బాణసంచా కాలిస్తే, మనిషి మంచం పక్కన నేల మీద బోర్లా ఉన్నారు, మా పాపేమో నాన్న ఆట ఆడుతున్నారనుకుని వీపు మీదెక్కింది. మా అత్తగారు దిష్టి తీసి ఎర్రనీళ్ళు నాలుగు రోడ్ల కూడలిలో పోసి వచ్చారు. నాకేం చెయ్యాలో తెలియక తెల్లారేదాకా మేలుకునే ఉన్నాను. చెల్లెమ్మా, నీ ప్రోగ్రాంలో మాక్కూడా ఏదో ఒకటి పెట్టు, వాట్సాప్‌లో పది నిమిషాల ఆడియో చాలు, ఆ వారంలో ఏం అడగొచ్చో, ఏం అడక్కూడదో.

జయపురం_అమ్మాయి:

అందరికీ దండాలు. స్లైడ్లు తీసేశాను. పేర్లు లేని కాగితం. పీటీ చివర పది నిమిషాలు, డ్యూటీ దిగాక ఐదు నిమిషాలు, కళ్ళు తెరిచే, ఏ రోజు పాఠం ఆ రోజుదే. ఇంటివాళ్ళకి హిందీ, తెలుగు ఆడియోలు నేనే రికార్డు చేస్తాను. ఒరియా, మరాఠీ చెప్పేవాళ్ళు ఇక్కడెవరైనా ఉంటే రండి. ఇగత్‌పురి ఇష్టపడి అడిగినవాళ్ళకి మాత్రం చెప్తానండీ, కోపం తెచ్చుకోకండి.

సుబేదార్ గారూ, ఒక్కటి మిగిలింది. లీవు వాయిదాల సంగతి కంపెనీ కమాండర్ ముందు ఎలా ఎత్తాలి? బయటి మనిషిని, మొదటి మీటింగులోనే ఆ మాటంటే రెండోసారి గేటు లోపలికి రానిస్తారా?

పర్లాకిమిడి_పాతఫౌజీ:

కమాండర్ని అడక్కు. కంపెనీ క్లర్కుతో టీ తాగు. పేర్లు వద్దని ముందే చెప్పి, ఈ ఏడాది రెండుసార్ల కన్నా ఎక్కువ లీవు వాయిదా పడినవాళ్ళు ఎంతమందో సంఖ్య ఒక్కటి అడుగు. ఆ అంకెని నువ్వు రాసే కాగితంలో మొదటి పేజీలో వెయ్యి, నీ తరపున ఒక్క మాట కూడా రాయకు. మిగతాది సాబ్ చదువుకుంటాడు. టీకి డబ్బు నువ్వే ఇవ్వు తల్లీ, క్లర్కులు గుర్తుపెట్టుకుంటారు.