పిల్లల సాహస నవల మొత్తం ప్రాసల్లో రాస్తే చదువుతారా?

అచ్చుతప్పు: మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. దానికోసం ఓ మాయల కథ రాస్తున్నాను. ఊరి చెరువులోని చందమామ నీడను ఎవరో ఎత్తుకుపోతే, ఓ పిల్ల వెతుక్కుంటూ బయల్దేరుతుంది. నలభై పేజీలయ్యాయి, అంతా అంత్యప్రాసలే. మచ్చుకి:

అడవిలోకి వెళ్ళింది, ఆగి వెనక చూసింది
చీకటంతా కమ్మింది, చిన్ని గుండె వణికింది

మా అక్క చదివి "ఇది పాటా, నవలా?" అంది. ఇలాగే సాగించనా, వచనంలోకి మార్చేయనా?

బడిపంతులు: వచనమే మేలు. రెండు పాదాల్లో నాలుగు "ఇంది"లు! తెలుగులో క్రియ చివరికొస్తుంది కాబట్టి అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది. నలభై పేజీలు అదే మోత వింటే చెవి మొద్దుబారిపోతుంది. పాతవాళ్ళు నియమంగా పెట్టుకున్నది పాదాల్లో రెండో అక్షరం కలిసే ప్రాస.

తంబురా: అయితే రెండో అక్షరంలోనే పెట్టమనండి, వచనం దేనికి? పాల్కురికి సోమనాథుడు బసవపురాణం మొత్తం ద్విపదలో, అంటే రెండేసి పాదాల ఛందస్సులో చెప్పాడు. రంగనాథ రామాయణమూ ద్విపదే. పాదానికి 3 ఇంద్రగణాలు, చివర 1 సూర్యగణం (గణమంటే పొడుగు, పొట్టి అక్షరాల చిన్న గుంపు). రెండేసి పాదాలతో ఎంత దూరమైనా పోవచ్చు.

బడిపంతులు: అవి ఒకరు పాడితే పదిమంది విన్నవి. మంచం మీద బోర్లా పడుకుని ఒక్కర్తే చదువుకునే పిల్ల సంగతి వేరు. సాహసకథలో తర్వాతేమైందన్న టెన్షన్ ఉండాలి.

డాలస్ అమ్మ: మావాడు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ప్రాస ఉంటే తర్వాతి మాట ముందే పట్టేస్తాడు, అదో ధైర్యం. కాకపోతే మొన్న పది పేజీలు గడగడా చదివాక "ఇంతకీ దొంగ ఎవర్రా?" అంటే తెల్లమొహం వేశాడు :)

తంబురా: బుర్రకథ పద్ధతి చూడండి. ప్రయాణం, పోరాటం పాటలో, వేళాకోళం మాటల్లో. వంతలు, అంటే పక్కన వంతపాడేవాళ్ళు, మధ్యలో అడ్డుపడి అడిగే ప్రశ్నలు పిల్లలు అడిగేవే.

అచ్చుతప్పు: రాత్రి ద్విపద ప్రయత్నించాను.

మర్రి ఊడల చాటు మసక చీకటిన
గుర్రుమన్నది లేచి గుహలోని పిల్లి

బడిపంతులు: యతి (పాదం మొదటి అక్షరం మధ్యలో మళ్ళీ కలవడం), ప్రాస కుదిరాయి, ఒప్పుకుంటున్నా. గుహలో పిల్లేమిటండీ?

అచ్చుతప్పు: అసలు పులేనండీ. "పులి" రెండు లఘువులే, అంటే పొట్టి అక్షరాలే, పాదం చివరి సూర్యగణానికి చాల్లేదు.

బడిపంతులు: నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే! గణం కోసం పులి పిల్లయింది. రేపు రాక్షసుడు ఏమవుతాడో?

అచ్చుతప్పు: మా అమ్మాయికి పిల్లే నచ్చింది. దాన్ని చివరిదాకా వెంట తీసుకెళ్ళాలట. వచ్చే అధ్యాయం వచనమో ద్విపదో నేనింకా తేల్చుకోలేదు, అది మాత్రం పిల్లికి పేరు కూడా పెట్టేసింది.